మార్కెటింగ్ పాఠాల్లో చెప్పే "చరిత్ర" ఎంతవరకు చరిత్ర?

కొత్తపేజీ
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతూ ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మేనేజ్‌మెంట్ కోర్సు మొదటి ఏడాదిలో ఉన్నాను. మార్కెటింగ్ పుస్తకం తెరవగానే మూడు మెట్ల బొమ్మ ఒకటి ఉంది. మొదటిది ఉత్పత్తి యుగం, తయారుచేస్తే చాలు అదే అమ్ముడుపోయేదట. తర్వాత అమ్మకాల యుగం, సరుకు ఎక్కువై జనానికి అంటగట్టాల్సి వచ్చిందట. 1950ల నుంచి మార్కెటింగ్ యుగం, అప్పుడు కంపెనీలకి జ్ఞానోదయమై కస్టమర్‌కి ఏం కావాలో అడగడం మొదలుపెట్టాయట. పరీక్షలో ఇది ఖాయంగా వస్తుందంటున్నారు. నాకు మింగుడుపడనిదేంటంటే, అంతకుముందు వందల ఏళ్ళు వ్యాపారం చేసినవాళ్ళంతా కొనేవాడి మొహం చూడకుండానే చేశారా? పక్క పీరియడ్ వ్యాపార చరిత్ర, అందులో ఈ మూడు మెట్ల ఊసే లేదు. రెండూ ఒకే బిల్డింగులో చెప్తారు, ఒకరి మాట ఇంకొకరి చెవిన పడినట్టు లేదు. అసలు ఈ రెండింటికీ చుట్టరికం ఉందా?

పాతలెక్కలు
స్వాగతం కొత్తపేజీ గారూ. మీ అనుమానం సరైనదే, కొత్తదేమీ కాదు కూడా. ఆ మెట్లు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే నవ్వొస్తుంది. 1960లో రాబర్ట్ కీత్ అనే ఆయన అమెరికాలో మార్కెటింగ్ వాళ్ళ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన చరిత్రకారుడు కాదు, పిల్స్‌బరీ అనే పిండిమిల్లుల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న మనిషి. 1869లో మొదలైన తన కంపెనీ ఎలా మారుతూ వచ్చిందో చెప్పుకున్నాడు. మొదట్లో మా ధ్యాసంతా మిల్లు మీదే, 1930ల నుంచి అమ్మకాల మీద, 1950ల నుంచి కొనే మనిషి మీద, అని. నిజానికి ఆయన నాలుగో దశ కూడా రాశాడు, ఇకముందు కంపెనీ మొత్తాన్నీ మార్కెటింగే నడిపిస్తుందని. పాఠ్యపుస్తకాల వాళ్ళు నాలుగోదాన్ని వదిలేసి మొదటి మూడూ పట్టుకుని, ఒక మిల్లు సొంత కథని ప్రపంచ చరిత్ర చేసేశారు.

1988లో రొనాల్డ్ ఫుల్లర్టన్ అదే పత్రికలో దీన్ని విప్పి చూపించాడు. బ్రిటన్, జర్మనీ, అమెరికాల వ్యాపార చరిత్ర తిరగేసి, "ఉత్పత్తి యుగం" అనేది ఎప్పుడూ లేదన్నాడు. సరుకు దానంతటదే పోయేదని చెప్పే ఆ రోజుల్లోనే గిరాకీకి నిలకడ లేదు, మాంద్యాలొచ్చాయి, పోటీ ఉంది, అమ్ముకోడానికి వాళ్ళు పడని తంటా లేదు.

జొసయా వెడ్జ్‌వుడ్ సంగతి చూడండి. ఇంగ్లండులో 1759లో సొంతంగా పింగాణీ పని మొదలుపెట్టాడు. 1765లో రాణి షార్లెట్ ఒక టీ సెట్ చేయించుకుంటే, ఆ రకానికి "క్వీన్స్ వేర్" అని పేరు పెట్టుకుని అందరికీ అమ్మాడు. లండన్‌లో షోరూమ్ పెట్టాడు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు. రష్యా మహారాణి కేథరిన్ 900 పైచిలుకు పాత్రల సెట్ ఒకటి ఆర్డరిస్తే, ఓడెక్కించే ముందు 1774లో దాన్ని లండన్‌లో ప్రదర్శనకి పెట్టాడు, మహారాణి ఏం కొంటోందో చూడ్డానికి ఊళ్ళో పెద్దమనుషులంతా వరస కట్టేలా. చాలా విషయాల్లో నాణ్యత కన్నా ఫ్యాషనే గొప్పదని ఒక ఉత్తరంలో రాశాడు కూడా. ఇదంతా ఏ యుగంలో వెయ్యాలి?

బేరగాడు
పరీక్షలో మాత్రం మూడు మెట్లే రాయండి కొత్తపేజీ గారూ, మార్కులు ఫుల్లర్టన్ వెయ్యడు 😀

ఇరవై ఏళ్ళుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను కాబట్టి ఒక మాట. ఆ మెట్లు చరిత్రగా తప్పే కావచ్చు, కొత్తగా చేరిన కుర్రాడికి "నువ్వు తయారుచేసేది కాదు, వాడికి కావాల్సింది చూడు" అని ఒక్క బొమ్మతో ఎక్కించడానికి మాత్రం పనికొస్తాయి. అన్నిటికీ ఆర్కైవ్ సాక్ష్యం అడిగితే క్లాసు ఎప్పటికి అవుతుంది? పైగా వెడ్జ్‌వుడ్ దాకా ఎందుకు, చైనాలో సోంగ్ వంశం నాటి రాగి అచ్చు ఒకటుంది, జినాన్‌లో లియూ వాళ్ళ సూదుల దుకాణానిది. మధ్యలో తెల్ల కుందేలు గుర్తు, చుట్టూ మా సూదులు మంచివి అన్న రాత. పాత రోమన్ల ఊరు పాంపేలో ఊరబెట్టిన చేపల సాస్ అమ్మే స్కౌరస్ అయితే తన జాడీల బొమ్మలు, పైన లేబుళ్ళతో సహా, ఇంట్లో నేల మీద మొజాయిక్ చేయించుకున్నాడు. మార్కెటింగ్ మనిషితో పాటే పుట్టింది, అంతే.

నిదానం
బేరగాడు గారూ, అక్కడే నాకు అభ్యంతరం. 1950కి ముందు మార్కెటింగ్ లేదనడం ఒక తప్పైతే, కుందేలు బొమ్మ కనపడగానే అదీ మార్కెటింగే అనడం ఇంకో తప్పు. సూదుల దుకాణం వాళ్ళు గుర్తు పెట్టుకున్నారు, నిజమే. కానీ వాళ్ళ దగ్గర బడ్జెట్టు ఉన్న ఒక విభాగం, లెక్కలు కట్టే మనుషులు, ఏ సరుకు ఎవరికి అని పంచుకున్న పనులు లేవు కదా. అవి ఎప్పుడు, ఎందుకు వచ్చాయన్నదే అసలు ప్రశ్న. 1931 మే నెలలో ప్రాక్టర్ అండ్ గాంబుల్‌లో నీల్ మెక్‌ఎల్రాయ్ అనే కుర్రాడు, కామే సబ్బు ప్రకటనలు చూసేవాడు, మూడు పేజీల మెమో రాశాడు. ఒక్కో బ్రాండుకి ఒక్కో మనిషిని పెట్టాలి, వాడే దాని బాగోగులన్నీ చూసుకోవాలి అని. వాళ్ళదే అయిన ఐవరీ సబ్బు నీడలో కామే నలిగిపోతోందన్నది అతని బాధ. తర్వాత తర్వాత బోలెడు కంపెనీల్లో ఆఫీసుల అమరికే దీన్ని బట్టి మారింది. ఇలాంటి మలుపులకి తేదీ ఉంటుంది, కారణం ఉంటుంది. "ఎప్పుడూ ఉన్నదే" అనేస్తే ఆ కారణం వెతకాల్సిన పనే ఉండదు.

బేరగాడు
> "ఎప్పుడూ ఉన్నదే" అనేస్తే ఆ కారణం వెతకాల్సిన పనే ఉండదు

సరే, ఇది ఒప్పుకుంటాను. కానీ ఫోర్డ్ సంగతేంటి? మొదటి రోజు నుంచి నల్ల కారు తప్ప ఇవ్వను పొమ్మన్నాడు. ఉత్పత్తి యుగం అంటే అదేగా.

అచ్చుతప్పు
మొదటి రోజు నుంచి కాదండీ. మోడల్ టి 1908లో వచ్చింది, మొదటి ఏళ్ళలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కూడా అమ్మారు. నలుపు ఒక్కటే అన్నది 1914 నుంచి 1925 వరకే. చివర్లో మళ్ళీ రంగులొచ్చాయి.

పాతలెక్కలు
అచ్చుతప్పు గారు చెప్పింది చిన్న సవరణ లాగా కనిపిస్తుంది గానీ కథంతా అందులోనే ఉంది. మోడల్ టి మొదట్లో 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది గంటన్నరకి దిగింది. ధర ఏటేటా తగ్గుతూ 1920ల మధ్యకి 300 డాలర్ల లోపుకి వచ్చింది. ఇప్పుడు దీన్ని ఏమనాలి? మార్కెటింగ్ తెలియని మొండి ఇంజినీరు పని అని ఒక పుస్తకం. అదే 1960లో థియొడోర్ లెవిట్ అనే మార్కెటింగ్ పండితుడు ఏమన్నాడంటే, అందరూ ఫోర్డ్‌ని ఉత్పత్తి మేధావి అంటారు గానీ అతను మార్కెటింగ్ మేధావి, ఎంతకిస్తే లక్షలమంది కొంటారో ముందు అనుకుని ఆ ధరకి తగ్గట్టు ఫ్యాక్టరీ కట్టాడు అని. ఒకే మనిషి, ఒకే కారు. ఒకరికి చెడ్డ ఉదాహరణ, ఇంకొకరికి మంచి ఉదాహరణ. రెండు చోట్లా ఫోర్డ్‌ని పిలిచింది సాక్ష్యం చెప్పించడానికి, అతనేం చేశాడో తెలుసుకోడానికి కాదు.

చరిత్రకారుడైతే ఇంకా విసుగు పుట్టించే ప్రశ్నలడుగుతాడు. అమ్మింది ఎవరు? వేలమంది డీలర్లు. వాళ్ళ మీద ఒత్తిడి ఎంత? 1920ల మధ్యలో జనరల్ మోటర్స్ ఎందుకు మీదికొచ్చింది? 1919లోనే వాయిదాల మీద కార్లిచ్చే ఫైనాన్స్ కంపెనీ పెట్టుకుంది, పాత కారు తీసుకుని కొత్తది ఇచ్చే పద్ధతి ఊపందుకుంది, ఒక్కో స్తోమతకి ఒక్కో కారు అని ఆ కంపెనీ అధిపతి స్లోన్ శ్రేణి కట్టాడు. మొదటిసారి కారు కొనేవాళ్ళు తగ్గి రెండోసారి కొనేవాళ్ళు పెరిగారు. 1908లో ఒప్పైనది 1926లో తప్పయింది. మారింది జ్ఞానం కాదు, మార్కెట్టు.

సున్నాచుట్టు
నేను డేటా పని చేస్తాను, చరిత్ర అంటే ఆవలింతలొచ్చే రకం. నా మనసు మార్చింది ఒకే ఒక్క పేపరు, అందుకే చెప్తున్నా. "మార్కెట్లోకి ముందు దిగినవాడే గెలుస్తాడు" అన్నది మా దగ్గర వేదవాక్యం. వెనక పెద్ద పెద్ద డేటాబేసులు కూడా ఉండేవి. 1993లో గోల్డర్, టెలిస్ అని ఇద్దరు దాన్ని చరిత్ర పద్ధతిలో మళ్ళీ చూశారు. అంటే ఏం లేదు, ఇప్పటి మేనేజర్లని అడగడం మానేసి, ఆ సరుకు పుట్టిన రోజుల నాటి పత్రికలు, రిపోర్టులు తిరగేశారు. 50 రకాల సరుకులు, దాదాపు 500 బ్రాండ్లు. తేలిందేంటి? మొదట దిగినవాళ్ళలో 47 శాతం మంది అడ్రస్ లేకుండా పోయారు. మొదట దిగినవాళ్ళ వాటా సగటున 10 శాతం. ఆయా సరుకుల్లో తొలినాళ్ళ లీడర్లయినవాళ్ళు, మొదటివాళ్ళు వచ్చిన సగటున 13 ఏళ్ళకి వచ్చినవాళ్ళు!

మరి పాత డేటా ఎందుకు అబద్ధం చెప్పింది? సర్వేకి జవాబిచ్చేది బతికున్న కంపెనీలే. గెలిచినవాణ్ణి "మీరేనా మొదట వచ్చింది?" అంటే అవుననే అంటాడు, పైగా మనస్ఫూర్తిగా నమ్మి అంటాడు. పిల్లల డిస్పోజబుల్ డైపర్లంటే అందరికీ గుర్తొచ్చేది పాంపర్స్, అది వచ్చింది 1961లో. దానికి చాలా ముందే ఛక్స్ అని ఒకటి ఉంది. వినలేదు కదా? అదీ సంగతి. ఎంత పెద్ద శాంపిల్ తీసుకున్నా, చచ్చిపోయినవాళ్ళు అందులో లేకపోతే ఆ సంఖ్యకి విలువ సున్నా.

కొత్తపేజీ
ఇది మా క్లాసులో ఎవరూ చెప్పలేదు!! మరి ఇంత పనికొచ్చే పద్ధతిని మార్కెటింగ్ వాళ్ళు ఎందుకు వదిలేశారు?

నిదానం
వదిలేశారనే అనాలి, ఎందుకంటే పుట్టింది మాత్రం ఒకే ఇంట్లో. అమెరికా యూనివర్సిటీల్లో మార్కెటింగ్ కోర్సులు 1902 ప్రాంతంలో మొదలయ్యాయి. వాటిని మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఆర్థికశాస్త్రం వాళ్ళే, అందులోనూ జర్మన్ హిస్టారికల్ స్కూల్ ప్రభావం ఉన్నవాళ్ళు. ఆ స్కూల్ వాళ్ళ పట్టింపు ఏంటంటే సూత్రాలు తర్వాత, ముందు వెళ్ళి జరిగింది చూడు, పోగెయ్యి, పోల్చు అని. 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పెట్టినప్పుడు మొదటి డీన్ ఎడ్విన్ గే, ఆయన జర్మనీలో చదువుకున్న ఆర్థిక చరిత్రకారుడు. ఆయన శిష్యుడే గ్రాస్, 1927లో అదే స్కూల్లో వ్యాపార చరిత్రకి మొదటి ప్రొఫెసర్.

వేరు కాపురాలు మొదలైంది 1959లో అనుకోవచ్చు. ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ అనే దాతృత్వ సంస్థల వాళ్ళు ఒక్కో పెద్ద రిపోర్టు రాయించారు, బిజినెస్ స్కూళ్ళలో సైన్సు లేదు, ఉత్త వర్ణనలే ఉన్నాయని. స్కూళ్ళు భయపడిపోయి గణితం, స్టాటిస్టిక్స్, సైకాలజీ వైపు పరుగెత్తాయి. అందులో మంచి చాలా జరిగింది, కాదనను. కానీ జరిగినదాన్ని ఓపిగ్గా పోగేసే పని చేస్తే ప్రమోషన్ రాని రోజులొచ్చాయి. 1983లో స్టాన్లీ హోలాండర్ మిషిగన్ స్టేట్‌లో మార్కెటింగ్ చరిత్ర సమావేశాలు మొదలుపెట్టాడు, అవి ఇప్పటికీ రెండేళ్ళకోసారి నడుస్తున్నాయి. 2009లో ఒక పత్రిక కూడా వచ్చింది. అయినా మీ పుస్తకంలో ఇంకా మూడు మెట్లే ఉన్నాయంటే చూసుకోండి.

పాతలెక్కలు
తప్పంతా మార్కెటింగ్ వాళ్ళ మీదికే తోసేస్తే అన్యాయం. మా వైపూ ఉంది. వ్యాపార చరిత్ర అంటే చాలాకాలం ఆల్ఫ్రెడ్ చాండ్లరే. ఆయన 1977 పుస్తకానికి పులిట్జర్ వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ పెట్టగానే కంపెనీ పెద్దదైపోదు, అమ్మే వ్యవస్థ మీదా మేనేజర్ల మీదా అంతే పెట్టుబడి పెట్టాలి అన్నది ఆయన వాదన. సింగర్ కుట్టుమిషన్ చూడండి. 1850ల్లో మిషన్ ఖరీదు వంద డాలర్ల పైమాటే, ఇళ్ళల్లో అంత సొమ్ము ఎక్కడిది? 1856లో వాయిదాల పద్ధతి పెట్టారు. కొనేవాళ్ళకి వాడటం నేర్పాలి, పాడైతే బాగుచెయ్యాలి, వాయిదాలు వసూలు చెయ్యాలి. మామూలు వ్యాపారులు ఈ తలనొప్పి పడరు కాబట్టి కంపెనీయే సొంత బ్రాంచీలు తెరిచింది. సో, అమ్మకం కోసమే కంపెనీ ఆకారం మారింది. చాండ్లర్ ఈ భాగం బ్రహ్మాండంగా చెప్తాడు.

కానీ ఆయన రాసిన వందల పేజీల్లో మిషన్ కొన్న ఆడమనిషి ఎక్కడ? పైన మేనేజర్ గదిలో కూర్చుని కిందికి చూసినట్టే ఉంటుంది. ఆమె ఎందుకు కొంది, వాయిదా కట్టలేకపోతే ఏమైంది, పక్కింటామెకి ఏం చెప్పింది, ఇలాంటివి అడగడం మేం మార్కెటింగ్ వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. కంపెనీ మినిట్స్ పుస్తకాల్లో కొనేవాళ్ళు ఎక్కడా మాట్లాడరు.

బేరగాడు
ఇంత చెప్పారు, నాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పండి. క్లయింటు ముందు కూర్చుని "గురువుగారూ, జర్మన్ హిస్టారికల్ స్కూల్" అంటే తలుపు చూపిస్తాడు.

సున్నాచుట్టు
ఏ స్లైడులోనైనా కొడాక్ పేరొస్తే అక్కడ ఆగమని చెప్పండి చాలు. "డిజిటల్ కెమెరా 1975లో వాళ్ళ ఇంజినీరే చేశాడు, వాళ్ళు దాచేశారు, 2012లో దివాలా తీశారు, కాబట్టి మా సాఫ్ట్‌వేర్ కొనండి." నేనే ఇలాంటి స్లైడు పదిసార్లు చూశాను. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాలు అందరికన్నా ఎక్కువ అమ్మింది కొడాకే అన్న సంగతి అందులో ఉండదు. అంటే నిద్రపోలేదు, దిగారు, అమ్మారు కూడా. కానీ ఫిల్మ్‌లో మిగిలినంత లాభం కెమెరాల్లో మిగల్లేదు, ఆ తర్వాత ఫోన్లొచ్చాయి. అదే ఫిల్మ్ వ్యాపారంలో ఉన్న ఫుజీ వేరే రంగాల్లోకి మళ్ళి నిలబడింది. "మేలుకో" అన్న నీతికి ఇది సరిపడదు కాబట్టి స్లైడులోకి ఎక్కదు.

నిదానం
కంపెనీలు తమ చరిత్రని తామే అమ్ముకోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు కాస్త అనుభవం ఉంది. ఒక కంపెనీ (పేరొద్దు) యాభై ఏళ్ళ ఉత్సవాలకి సావనీరు వేస్తోందంటే పాత ఫైళ్ళు సర్దే పని నాకిచ్చారు. ఏడు నెలలు దుమ్ములో కూర్చున్నాను. మూడు నెలలు మూతపడ్డ ఒక సమ్మె, వెనక్కి తెప్పించుకున్న ఒక సరుకు, వ్యవస్థాపకుడితో గొడవపడి వెళ్ళిపోయిన భాగస్వామి, అన్నీ కాగితాలతో సహా దొరికాయి. మార్కెటింగ్ విభాగం డ్రాఫ్టు చూసి, "చాలా బాగుంది, కానీ మూడ్ డౌన్ అవుతోంది" అన్నారు. చివరికి అచ్చయినదాంట్లో ఆ మూడూ లేవు. భాగస్వామిని గ్రూప్ ఫోటోలోంచి కూడా కత్తిరించారు, భుజం మీద చెయ్యి మాత్రం మిగిలిపోయింది, ఎవరిదో తెలీకుండా.

ఇది చిన్న ఉదంతం. పెద్దది కావాలంటే ఫాంటా. 1940లో జర్మనీకి కోకాకోలా ముడిసరుకు అందక అక్కడివాళ్ళు పాలవిరుగుడు నీళ్ళు, ఆపిల్ పిప్పి లాంటివాటితో తయారుచేసిన డ్రింక్ అది. 2015లో 75 ఏళ్ళ పండగ చేస్తూ "ఆ మంచి పాత రోజుల" అనుభూతి అని యాడ్ వేశారు. 1940లో జర్మనీలో మంచి రోజులేంటని జనం తిట్టాక తీసేశారు. ఏడాది తెలుసు, సందర్భం పట్టలేదు.

అచ్చుతప్పు
దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. ఐవరీ సబ్బు 1879లో వచ్చింది, నీళ్ళలో తేలుతుంది. ఒక పనివాడు భోజనానికి వెళ్తూ మిక్సర్ ఆపడం మర్చిపోయాడు, గాలి చేరి సబ్బు తేలింది అని వందేళ్ళకి పైగా చెప్పుకున్నారు. 2004లో కంపెనీ ఆర్కైవ్‌లోనే జేమ్స్ గాంబుల్ 1863 నాటి నోట్సు దొరికింది, ఇవాళ తేలే సబ్బు చేశాను అని రాసుకున్నాడు. అంటే కావాలనే చేసింది. కథని పడగొట్టింది కంపెనీ సొంత కాగితమే. అందుకే ఆర్కైవ్ ఉన్న కంపెనీని నేను కొంచెం ఎక్కువ నమ్ముతాను.

అసలు చరిత్రే లేకపోతే పుట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. హాగెన్‌డాజ్ ఐస్‌క్రీమ్ అంటే డెన్మార్క్‌ది అనుకుంటారు, 1960ల మొదట్లో న్యూయార్క్‌లో పుట్టింది, ఆ పేరుకి ఏ భాషలోనూ అర్థం లేదు. బట్టల మీద 1922 అని వేసుకునే హాలిస్టర్ మొదటి షాపు తెరిచింది 2000లో.

బేరగాడు
ఆ భుజం మీద చెయ్యి సంగతి భలే చెప్పారు నిదానం గారూ. మా దగ్గరా అలాంటి చేతులు చాలా ఉన్నాయి లెండి, తర్వాతెప్పుడైనా.

కొత్తపేజీ
అందరికీ థాంక్స్. టర్మ్ పేపర్‌కి సింగర్ తీసుకున్నాను. పాత ప్రకటనలు చూస్తే ఆ రోజుల్లో జనం ఎలా ఉండేవాళ్ళో తెలుస్తుంది కదా?

పాతలెక్కలు
ఆగండాగండి. ప్రకటన చూస్తే అమ్మేవాడు ఏం ఆశపడ్డాడో తెలుస్తుంది, కొనేవాడు ఏం నమ్మాడో తెలీదు. 1920ల లిస్టరిన్ మౌత్‌వాష్ ప్రకటనలు చూస్తే అమెరికా మొత్తం నోటి దుర్వాసన భయంతో నిద్రలేకుండా ఉందనిపిస్తుంది. ఏజెన్సీల కాగితాలు కూడా జాగ్రత్తగా చదవాలి, డ్యూక్ యూనివర్సిటీలో జె. వాల్టర్ థాంప్సన్ ఏజెన్సీ ఆర్కైవ్ లాంటి గనులున్నాయి గానీ, క్లయింటుకి రాసిన రిపోర్టులో ఏజెన్సీ తన గొప్పే చెప్పుకుంటుంది. డి బీర్స్ వజ్రాల ప్రచారం 1938లో మొదలైంది, ఆ తర్వాత అమ్మకాలు పెరిగాయి. అదే ఏళ్ళలో మాంద్యం నుంచి కోలుకుని జీతాలూ పెరిగాయి. ఎంత ప్రచారం వల్ల, ఎంత జీతాల వల్ల? ప్రకటన పక్కన ధరల పట్టీ, బ్రాంచీ లెక్కలు, వీలైతే కొన్నవాళ్ళ ఉత్తరాలు పెట్టుకుని చదవండి.

కొత్తపేజీ
ఒక్క డౌటు, మళ్ళీ విసిగించను. సింగర్ పాత ట్రేడ్ కార్డుల (జనానికి పంచిన చిన్న ప్రచార కార్డులు) స్కాన్లు చూస్తున్నా. ఒక వరసలో అన్నీ పిట్టలే! రంగురంగుల పాట పిట్టలు, కొమ్మ మీద, గూడు పక్కన. కుట్టుమిషన్ బొమ్మ ఒక్క దాంట్లోనూ లేదు. ఇది ఏ స్ట్రాటజీ కింద రాయాలి?

నిదానం
కార్డు వెనక వైపు స్కాన్ కూడా తెరవండి. ఒక పక్క పిట్ట, రెండో పక్క మిషన్ ప్రచారం. జనం ఏ పక్కని పైకి పెట్టి ఆల్బమ్‌లో అంటించారో, జిగురు మరకలు ఎటువైపు ఉన్నాయో కూడా చూడండి.